కుక్కల పులిపిర్లకు ఆన్‌లైన్‌లో అమ్మే చుక్కల మందు కొనకండి

కుక్కపిల్లల పెదవుల మీద, నోట్లో వచ్చే పులిపిర్లు "వారంలో రాలిపోతాయి" అంటూ ఒక మూలికా చుక్కల మందును ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి దాని జోలికి పోకండి. మా లాబ్రడార్‌కు ఇంకా రెండేళ్లు నిండలేదు. ఆ మందు రాశాక పులిపిర్లు అలాగే ఉన్నాయి గానీ చుట్టూ ఉన్న మెత్తటి చర్మం పాలిపోయి పుండు పడింది. చొంగ కారుస్తూ తిండి మానేసింది. పశువైద్యురాలు చూడగానే ఇది మందు ఘాటుకు కాలిన గాయమన్నారు.

సీసా మీద ఆకుల బొమ్మ తప్ప ఏమీ లేదు. అందులో ఏం కలిపారో రాయలేదు. తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ కూడా లేవు. మన దేశంలో పశువుల మందు మీద ఇవన్నీ ఉండాలి, జంతువుల చికిత్సకు మాత్రమేనన్న మాటతో సహా. అమ్మినవారికి ఫొటోలు పంపితే "మంట పుడుతోందంటే పనిచేస్తున్నట్టే, ఆపకండి" అని జవాబిచ్చారు. నొప్పితో మూలుగుతున్న మూగజీవి గురించి అనే మాటేనా ఇది!

మరి అన్ని మంచి సమీక్షలు ఎక్కడివంటారా? ఈ పులిపిర్లకు కారణం పాపిల్లోమా వైరస్. రోగనిరోధక శక్తి పుంజుకోగానే చాలా కుక్కపిల్లల్లో ఒకటి నుంచి మూడు నెలల్లో, కొన్నిటిలో ఐదు నెలలకు, వాటంతటవే రాలిపోతాయి. రాలే సమయానికి ఏ సీసా చేతిలో ఉంటే ఘనత దానికే దక్కుతుంది. మనుషుల పులిపిర్లకు వాడే సాలిసిలిక్ ఆమ్లం కూడా రాయకండి, కుక్క నాకి మింగుతుంది.

నెలలు గడిచినా తగ్గకపోయినా, రక్తం కారుతున్నా, నమలడానికి అడ్డుపడుతున్నా డాక్టరుకు చూపించండి. మొండివాటిని కోసి తీస్తారు, లేదా అతిశీతల చికిత్సతో, లేజరుతో తొలగిస్తారు. అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చే డాక్టర్లూ ఉన్నారు, కానీ అది అన్ని కుక్కలకూ పనిచేయదు. రోగనిరోధక శక్తిని తగ్గించే స్టెరాయిడ్లు వాడుతున్న కుక్క అయితే ఆ సంగతి ముందే చెప్పండి, పులిపిర్లు మొండికేయడానికి అదే కారణం కావచ్చు. జననాంగాల దగ్గర కాలీఫ్లవర్‌లా పెరిగిన గడ్డను మాత్రం పులిపిరి అనుకుని వదిలేయకండి. అది కుక్క నుంచి కుక్కకు అంటుకునే క్యాన్సరు కావచ్చు. దానికి విన్‌క్రిస్టిన్ ఇంజెక్షన్లు బాగా పనిచేస్తాయి.

పులిపిర్లు మనుషులకు అంటవు, వేరే కుక్కలకు అంటుతాయి. తగ్గేదాకా తిండి గిన్నె, బొమ్మలు వేరుగా ఉంచండి. ఆ చుక్కలు ఇప్పటికే రాసి ఉంటే మంచినీటితో బాగా కడిగి, నాకకుండా చూస్తూ, సీసాతో సహా పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి.