కాలేజీ మధ్యలో వదిలి ఎన్‌బీఏకి వెళ్లడమా, ఇంకో ఏడాది ఆగడమా: ఏది మేలు?

పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల కుర్రాడు కాలేజీలో ఒక్క సీజన్ బాస్కెట్‌బాల్ ఆడి, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో టీమ్‌లు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌కి పేరిచ్చాడని వార్త రాగానే మా నాన్నగారు ఏటా ఒకటే మాటంటారు, "డిగ్రీ మధ్యలో ఆపేస్తాడా?" అని. చాలా కాలం నాదీ అదే మాట, ఇప్పుడు కాదు.

ముందు ఆ డిగ్రీ సంగతే చూద్దాం. విన్స్ కార్టర్ నార్త్ కరోలినా యూనివర్సిటీలో మూడేళ్లు ఉండి 1998లో డ్రాఫ్ట్‌కి వెళ్లిపోయాడు కానీ చదువు వదల్లేదు. 2001 మే 20న పొద్దున ఆ యూనివర్సిటీ ఉన్న చాపెల్ హిల్‌లో స్నాతకోత్సవానికి వెళ్లి, అక్కణ్నుంచి విమానమెక్కి, అదే రోజు ఫిలడెల్ఫియాలో ప్లేఆఫ్ సిరీస్‌ని తేల్చే ఏడో మ్యాచ్ ఆడాడు. చివరి షాట్ అతనిదే, పడలేదు, అతని టీమ్ టొరంటో ఒక్క పాయింట్‌తో ఓడిపోయింది. మ్యాచ్ రోజు పట్టా కోసం వెళ్తాడా అని అప్పుడు చాలామంది తప్పుపట్టారు, నాకైతే అతని మీద గౌరవం పెరిగింది. స్టెఫెన్ కరీ కూడా 2009లో డేవిడ్సన్ కాలేజీ వదిలి 2022లో డిగ్రీ పూర్తి చేశాడు.

ఒంటికి మాత్రం అలా వాయిదాలుండవు. గ్రెగ్ ఓడెన్ ఒహాయో స్టేట్‌లో ఒక్క ఏడాది ఆడి 2007లో మొదటి పిక్, అంటే డ్రాఫ్ట్‌లో అందరికంటే ముందు ఎంపికైనవాడు, అయ్యాడు, తొలి సీజన్ మొదలవకముందే మోకాలికి సర్జరీ, మొత్తం కెరీర్‌లో ఆడింది 105 మ్యాచ్‌లు. అయినా చేతిలో కాంట్రాక్టు ఉంది. అదే కాలేజీలో జారెడ్ సల్లింజర్ 2011లో వెళ్తే చాలా పైన తీసుకునేవారు, ఆగాడు, మరుసటి ఏడాది వెన్ను సమస్య బయటపడి 21వ స్థానానికి జారిపోయాడు.

ఇంకో లెక్క ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో, అంటే తొలి ముప్పై మందిలో, ఎంపికైన కుర్రాడి తొలి కాంట్రాక్టు నాలుగేళ్లు, రెండేళ్లకు గ్యారంటీ, తర్వాతి రెండూ టీమ్ ఇష్టం. పెద్ద డబ్బు వచ్చేది రెండో కాంట్రాక్టులోనే. డ్యూక్‌లో ఒక్క ఏడాది ఆడి 2025లో మొదటి పిక్‌గా డల్లాస్‌కి వెళ్లిన కూపర్ ఫ్లాగ్‌కి తొలి కాంట్రాక్టు ముగిసేసరికి 22 ఏళ్లు, నాలుగేళ్లు పర్డ్యూలో ఉండి 2024లో వచ్చిన జాక్ ఈడీకి 26. ఆ నాలుగేళ్ల తేడా ఒక ఆటగాడికి చాలా పెద్దది.

ఇదంతా పైన పలికే పేర్లకే. రెండో రౌండ్‌లో కాంట్రాక్టుకే గ్యారంటీ లేదు. 2015లో మన పంజాబ్ కుర్రాడు సత్నామ్ సింగ్‌ని డల్లాస్ 52వ పిక్‌గా తీసుకుంటే ఎంత సంబరపడ్డామో, ఎన్‌బీఏలో మాత్రం ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు. పైగా కాలేజీలో ఉంటే చేతికి రూపాయి రాదనే రోజులు పోయాయి. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల డబ్బు తీసుకోవచ్చు, 2025 నుంచి కాలేజీలే నేరుగా చెల్లిస్తున్నాయి.

కాబట్టి నా మాట ఇది: మొదటి పదిహేనులో పేరు పలుకుతుందని టీమ్‌లే చెప్తుంటే వెళ్లిపోవాలి, అమ్మానాన్నలు అడ్డుపడకూడదు. ముప్పై దాటేలా ఉంటే ఆగాలి. మధ్యలో ఉన్నవాళ్లకే అసలు టెన్షన్, వాళ్లు పేరిచ్చి, టీమ్‌ల ముందు ఆడి, ఏమంటున్నారో విని, గడువులోపు పేరు వెనక్కి తీసుకోవచ్చు. 2023లో ఈడీ చేసింది అదే. ఆ ఏడాది జాతీయ కాలేజీ టోర్నీలో పర్డ్యూ అట్టడుగు ర్యాంకు టీమ్ (పదహారో సీడ్) చేతిలో మొదటి రౌండ్‌లోనే ఓడింది, 7 అడుగుల 4 అంగుళాల ఈ కుర్రాడు ఎన్‌బీఏ వేగానికి పనికొస్తాడా అని అందరికీ అనుమానమే. తిరిగొచ్చాడు, మరుసటి ఏడాది పర్డ్యూని ఫైనల్ దాకా తీసుకెళ్లాడు, 2024 జూన్‌లో మెంఫిస్ అతన్ని తొమ్మిదో పిక్‌గా తీసుకుంది.