డౌన్ బ్యాగా, సింథటిక్ బ్యాగా? విశాఖ నుంచి చలికొండలకు వెళ్లేవారికి ఏది మేలు

డిసెంబరు వచ్చిందంటే విశాఖలో వీపుసంచులు అటక దిగుతాయి. కొందరు ఏజెన్సీ కొండల్లోని లంబసింగి, వంజంగి వైపు బయలుదేరుతారు. మరికొందరు వారం సెలవు పెట్టి ఢిల్లీ రైలెక్కి, డెహ్రాడూన్ మీదుగా సాంక్రి చేరి, హిమాలయాల్లోని కేదార్‌కంఠ మంచులో నడుస్తారు. అందరూ దుకాణంలో అడిగేది ఒక్కటే: బరువు తక్కువగా, వెచ్చదనం ఎక్కువగా ఉండే స్లీపింగ్ బ్యాగ్ ఏది? దుకాణదారు సాధారణంగా పక్షి నూగు నింపిన ఖరీదైన డౌన్ బ్యాగ్ తీసి చూపిస్తాడు. ఈ రెండు ప్రయాణాలకూ ఒకే బ్యాగ్ సరిపోతుందనడం పొరపాటని నా గట్టి నమ్మకం. ఏజెన్సీ చలి తడి చలి, హిమాలయాల చలి పొడి చలి. ఎన్ని డిగ్రీలన్న దానికంటే ఎంత తేమ అన్నదే ముందు చూడాలి.

లంబసింగి సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంది. కిలోమీటరు ఎత్తుకు గాలి సగటున 6.5 డిగ్రీలు చల్లబడుతుంది. జనవరి రాత్రి విశాఖలో 18 డిగ్రీలుంటే ఆ లెక్కన లంబసింగిలో 12 దగ్గర ఆగాలి. కానీ కొన్ని రాత్రులు అక్కడ సున్నా దరిదాపులకు పోతుంది. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా పైకి వదిలేస్తుంది. నేలను ఆనుకున్న గాలి చల్లబడి, బరువెక్కి, వాలు వెంట జారి లోయ అడుగున నిలిచిపోతుంది. అందులోని తేమే పొగమంచుగా కమ్ముకుని, తెల్లవారేసరికి గుడారం గుడ్డనూ, బయట వదిలిన బూట్లనూ తడిపి ముద్ద చేస్తుంది. గుడారాన్ని పల్లంలో కాక, వాలు మీద కాస్త పైన వేసుకుంటే రెండు మూడు డిగ్రీల తేడా ఊరికే దక్కుతుంది. ఏ ఖరీదైన సామానూ ఇంత చౌకగా ఆ పని చేయదు.

కేదార్‌కంఠ శిఖరం సుమారు 12,500 అడుగులు. శీతాకాలంలో దారిలోని మజిలీలలో రాత్రి మైనస్ 10 దాకా పడిపోవచ్చు. అంత చలిలో గాలి ఆవిరిని ఎక్కువగా మోయలేదు. మంచు కూడా పొడిపొడిగా ఉంటుంది, జాకెట్ మీద పడితే కరిగే లోపే దులిపేసుకోవచ్చు. అందుకే అక్కడ అద్భుతంగా పనిచేసే వస్తువు మన కొండల్లో చతికిలపడుతుంది.

ఇక డౌన్ సంగతి. బాతుల రొమ్ము దగ్గర, పై ఈకల అడుగున పెరిగే మెత్తటి నూగు ఇది. దీని బలమంతా పొంగులో ఉంది. ఒక్కో నూగు పోగు చుట్టూ విచ్చుకుని గాలిని కదలకుండా పట్టి ఉంచుతుంది. ఆ నిలిచిన గాలే మనల్ని కాపాడుతుంది. బ్యాగ్ మీద 600, 700, 800 అని రాసే అంకెను ఫిల్ పవర్ అంటారు. ఒక ఔన్సు, అంటే సుమారు 28 గ్రాముల నూగు ఎన్ని ఘనపు అంగుళాలు పొంగుతుందో అది చెబుతుంది. అంకె పెద్దదైతే అదే వెచ్చదనానికి తక్కువ నూగు చాలు. సున్నా డిగ్రీల దగ్గర హాయిగా నిద్రపట్టించే మంచి డౌన్ బ్యాగ్ కిలో అటూ ఇటూ తూగుతుంది. అదే పని చేసే సింథటిక్ బ్యాగ్ ఒకటిన్నర నుంచి రెండు కిలోల దాకా ఉంటుంది, సంచిలో చోటూ ఎక్కువ తింటుంది. కాగితం మీద చూస్తే గెలుపు డౌన్‌దే.

తడి తగిలితే కథ తిరగబడుతుంది. తడిసిన నూగు పోగులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి, పొంగు పోతుంది, పొంగుతో పాటు వెచ్చదనమూ పోతుంది. వాన పడితేనే తడుస్తుందనుకోకూడదు. నిద్రలో మన ఊపిరి, చర్మం కలిసి పావు లీటరు దాకా తేమను వదులుతాయి. పొడి గాలిలో అది బయటికి పోతుంది. పొగమంచు నిండిన రాత్రి అది పోవడానికి దారి లేక గుడారం లోపలి గోడకు చేరి, బొట్లుగా మళ్లీ మన మీదికే వస్తుంది. నీటిని తట్టుకునే పూత పూసిన డౌన్ కూడా అమ్ముతున్నారు. అది తడవడాన్ని ఆలస్యం చేస్తుంది, ఆపలేదు.

విశాఖవాసులకు ఇంకో చిక్కుంది, ప్రయాణం కంటే ఇంట్లోనే అది ఎక్కువ బాధిస్తుంది. సముద్రపు గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం అటూ ఇటూ ఉంటుంది. కుక్కిన సంచిలోనే డౌన్ బ్యాగ్‌ను బీరువాలో పడేస్తే వానాకాలం దాటేసరికి బూజు వాసన పట్టుకుంటుంది, నూగు పొంగే గుణాన్ని పోగొట్టుకుంటుంది. దాన్ని వదులుగా, పెద్ద నూలు సంచిలో, గాలి తగిలే చోట వేలాడదీయాలి. ఉతకడం ఇంకా పెద్ద పని: పక్షి నూగుకు సరిపోయే మెత్తటి సబ్బు, తరువాత రోజుల తరబడి నీడలో ఆరబెట్టడం, మధ్యమధ్య ఉండలను చేతితో విడదీయడం. ఎండాకాలం ముందు తీరిక చూసుకుని చేయాల్సిన పని అది. ఆ శ్రద్ధ ఉన్నవారి చేతిలో డౌన్ బ్యాగ్ చాలా ఏళ్లు నిలుస్తుంది. లేనివారి చేతిలో డబ్బు దండగ.

సింథటిక్ బ్యాగ్‌లో ఉండేది సన్నటి పాలిస్టర్ పోగులు. అవి నీటిని పెద్దగా పీల్చవు. తడిసినా పొంగులో కొంత భాగం మిగులుతుంది, గట్టిగా పిండి ఎండలో వేస్తే మధ్యాహ్నానికి ఆరుతుంది. ఇంట్లో వాషింగ్ మిషన్‌లో మెల్లగా ఉతుక్కోవచ్చు. లోపమూ ఉంది: కుక్కిన ప్రతిసారీ పోగులు కొంచెం నలుగుతాయి, కొన్నేళ్లకు బ్యాగ్ పలచబడుతుంది. అయినా నా తీర్పు స్పష్టం. ఏటా ఒకటి రెండుసార్లు పాడేరు, చింతపల్లి, అరకు వైపు వెళ్లే విశాఖ మనిషి సొంతానికి కొనుక్కోవాల్సింది సింథటిక్ బ్యాగ్. 700 గ్రాములు ఎక్కువ మోయడం కష్టమే, కానీ తెల్లవారుజామున మూడు గంటలకు తడిసిన బ్యాగ్‌లో వణకడం అంతకంటే చాలా కష్టం.

ఏ బ్యాగ్ కొన్నా లేబుల్ జాగ్రత్తగా చదవాలి. ఈఎన్ 13537, దాని తరువాత వచ్చిన ఐఎస్ఓ 23537 ప్రమాణాల ప్రకారం పరీక్షించిన బ్యాగ్ మీద కంఫర్ట్, లిమిట్, ఎక్స్‌ట్రీమ్ అని వేరువేరు అంకెలు ఉంటాయి. కంఫర్ట్ అంటే మామూలు స్త్రీ ఒళ్లు ముడుచుకోకుండా నిద్రపోగల ఉష్ణోగ్రత. లిమిట్ అంటే పురుషుడు ముడుచుకుని పడుకుంటే వణకు రాకుండా గట్టెక్కేది. ఎక్స్‌ట్రీమ్‌ను నిద్రకు సంబంధించిన అంకెగా తీసుకోకూడదు, అది ప్రాణం నిలుపుకోవడానికి చివరి గీత. చవక బ్యాగుల మీద పెద్ద అక్షరాలతో కనిపించేది చాలాసార్లు ఈ చివరి అంకే. కంఫర్ట్ అంకె ఒక్కటే చూసి కొనండి. సముద్రతీరంలో పెరిగిన శరీరాలు మనవి, చలి అలవాటు తక్కువ. అందుకని వెళ్లే చోటి చలి కంటే ఇంకో ఐదు డిగ్రీలు తక్కువ కంఫర్ట్ అంకె ఉన్నది తీసుకోవడం మంచిది.

మరి ఇంట్లో ఉన్న రగ్గు పనికిరాదా అని అడిగేవారున్నారు. కారు గుడారం దాకా వెళ్తే రగ్గే మేలు, నిస్సంకోచంగా చెబుతాను. ఇద్దరు పిల్లలతో వెళ్లే కుటుంబానికి నాలుగు స్లీపింగ్ బ్యాగులు కొనిపించడం అన్యాయం. వీపు మీద మోసేటప్పుడు మాత్రమే రగ్గు ఓడిపోతుంది.

బ్యాగ్ గురించి ఇంత ఆలోచించేవారు కింద పరిచేదాన్ని పట్టించుకోరు. ఇది నన్ను నిజంగా బాధపెడుతుంది, ఎందుకంటే చలిలో నిద్ర చెడేది ఎక్కువగా అడుగు నుంచే. మన బరువు కింద బ్యాగ్ అడుగుభాగం నలిగి పొంగు పోతుంది. నేల వేడిని లాగేసుకుంటుంది. దాన్ని అడ్డుకునేది మ్యాట్. దాని శక్తిని ఆర్ విలువతో కొలుస్తారు. ఏజెన్సీ నేలకు 2 దగ్గర ఉంటే సర్దుకోవచ్చు, మంచు మీద పడుకోవాలంటే 4 దాటాలి. మడత పెట్టే ఫోమ్ మ్యాట్ సుమారు 400 గ్రాములు, ఆర్ విలువ 2 చుట్టూ. లోపల వేడిని ఆపే పొరలున్న గాలి మ్యాట్ దాదాపు అంతే బరువుతో 4 దాటుతుంది, మడిస్తే సంచిలో ఒక మూల ఇమిడిపోతుంది, మెత్తగానూ ఉంటుంది. మరి గాలి మ్యాటే మేలు కదా? ముల్లు గుచ్చుకోనంత వరకు మేలే. మన కొండల్లో ముళ్లకు కొదవ లేదు. అర్ధరాత్రి గాలి దిగితే మిగిలేది రెండు పొరల గుడ్డ. ఫోమ్ మ్యాట్ చిల్లు పడినా మ్యాటే. పైగా పగలు టీ కాచుకునేటప్పుడు కింద వేసుకోవచ్చు, సంచి వీపు భాగానికి దన్నుగా దూర్చుకోవచ్చు. ఏజెన్సీకి ఫోమ్ ఒక్కటి చాలు. హిమాలయాలకు ఫోమ్ మీద గాలి మ్యాట్ వేయండి, ఆర్ విలువలు కలుస్తాయి. లోపల ఏ పొరా లేని, ఈత కొలను దగ్గర తేలే రకం గాలి మ్యాట్ మాత్రం వద్దు. అందులోని గాలి తిరుగుతూ మన వేడిని నేలకు చేరవేస్తుంది.

బట్టల్లో పోటీ లావుపాటి జాకెట్ ఒక్కదానికీ, పలచటి పొరలకూ. వంజంగి మేఘాలు చూడటానికి చీకటితోనే ఎక్కడం మొదలుపెట్టేవారు కింద చలికి భయపడి జాకెట్ మెడ దాకా బిగిస్తారు. సగం ఎక్కేసరికి లోపల చొక్కా చెమటతో తడుస్తుంది. పైన సూర్యోదయం కోసం గాలిలో నిలబడినప్పుడు ఆ తడి పగ తీర్చుకుంటుంది. నీరు వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది మరి. ఒంటిని ఆనుకుని థర్మల్ లోచొక్కా, దాని మీద ఫ్లీస్ అనే మెత్తటి పాలిస్టర్ చొక్కా, పైన గాలిని ఆపే పలచటి జాకెట్ ఉంటే ఎక్కేటప్పుడు ఒకటి విప్పి, ఆగినప్పుడు రెండు వేసుకోవచ్చు. మూడూ కలిపినా లావు జాకెట్ అంత బరువు ఉండకపోవచ్చు. కొంచెం చలేస్తుండగానే నడక మొదలుపెట్టాలి, పది నిమిషాల్లో ఒళ్లే వేడెక్కుతుంది.

థర్మల్ నూలుది వద్దు. ఒక రాత్రి ప్రయాణానికి పాలిస్టర్ మంచిది, త్వరగా ఆరుతుంది, చవక. వారం రోజుల ట్రెక్‌కు మెరినో గొర్రెల సన్నటి ఉన్ని మేలు. తన బరువులో దాదాపు 30 శాతం ఆవిరిని పీల్చుకుని కూడా తడిగా అనిపించదు, రోజులు గడిచినా కంపు కొట్టదు. ఇక చలిమంట. లంబసింగిలో అది లేకుండా రాత్రి గడవదు. ఎగిరిన ఒక్క నిప్పురవ్వ నైలాన్ జాకెట్‌కు చిల్లు పెడుతుంది, ఫ్లీస్‌ను కరిగిస్తుంది. ఉన్ని అంత తేలికగా అంటుకోదు. శీతాకాలంలో రోడ్డు పక్కన వెలిసే దుకాణాల్లో దొరికే మామూలు ఉన్ని స్వెటర్ ఈ ఒక్క చోట ఎంత ఖరీదైన జాకెట్‌నైనా ఓడిస్తుంది. మంకీ టోపీ గురించి ఎవరేమన్నా సరే, 100 గ్రాముల లోపు బరువుతో తల, చెవులు, మెడ మూడింటినీ కప్పే వస్తువు మరొకటి లేదు.

సర్దిన సంచిని వీపున వేసుకుని ఒకసారి సింహాచలం మెట్లెక్కి చూడండి. అక్కరలేనివి ఏవో భుజాలే చెబుతాయి. గ్యాస్ డబ్బా విమానంలో కానీ రైల్లో కానీ తీసుకెళ్లకూడదు, కొండ దగ్గరి ఊళ్లో కొనుక్కోవాలి. పవర్ బ్యాంకు విమానంలో చేతి సంచిలోనే ఉండాలి. చలికి బ్యాటరీలు త్వరగా నీరసిస్తాయి కాబట్టి రాత్రి దాన్నీ ఫోనునూ స్లీపింగ్ బ్యాగ్‌లో దగ్గర పెట్టుకోండి.

ఏజెన్సీకి సింథటిక్ కొన్నవారు హిమాలయాలకు వెళ్లేటప్పుడు ఏం చేయాలి? డౌన్ బ్యాగ్ అద్దెకు తీసుకోవాలి. సాంక్రిలోనూ డెహ్రాడూన్‌లోనూ ట్రెక్ సామాను అద్దెకిస్తారు. అయిదేళ్లకోసారి వెళ్లే మంచు కోసం, మిగతా కాలమంతా విశాఖ తేమతో పోరాడుతూ ఒక డౌన్ బ్యాగ్‌ను పోషించడం అర్థం లేని పని. అద్దెకు తీసుకునేటప్పుడు కౌంటర్ దగ్గరే విప్పి, దులిపి, పావుగంట ఆగి చూడండి. పొంగకుండా పలచగా పడి ఉన్నా, వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు నూగు లేని ఖాళీలు కనిపించినా ఇంకొకటి అడగాలి. జిప్ కింది నుంచి పైదాకా రెండుసార్లు లాగి చూడాలి. బ్యాగ్ లోపల వేసుకునే పలచటి పట్టు లేదా పాలిస్టర్ దుప్పటి ఒకటి ఇంటి నుంచే తీసుకెళ్లండి. బరువు పెద్దగా ఉండదు, కొద్దిపాటి వెచ్చదనం కలుస్తుంది, ఎవరెవరో పడుకున్న బ్యాగ్ మన ఒంటికి తగలదు.