బొమ్మలు గీయించే పరీక్షా, పూర్తి ఐక్యూ పరీక్షా: ఏది మేలు?

మా చెల్లెలి కొడుకు కావలిలో రెండో తరగతి చదువుతున్నాడు. అంగట్లో చిల్లర లెక్క పెద్దోళ్ల కంటే ముందే తేలుస్తాడు గానీ, పెన్సిల్ పట్టుకుంటే అక్షరాలు గీత దాటి ఎటో పోతాయి. బడిలో "బుద్ధి మాంద్యమేమో, పరీక్ష చేయించండి" అన్నారు. ఇంక ఇంటిల్లిపాదికీ టెన్షన్. నెల్లూరులో ఒకచోట బొమ్మలు గీయిస్తే చాలన్నారు, ఇంకోచోట గంటకు పైగా పట్టే ఐక్యూ పరీక్షే కావాలన్నారు.

గీయించేది బెండర్ గెస్టాల్ట్. లారెట్టా బెండర్ అనే అమెరికా డాక్టరమ్మ 1938లో తెచ్చింది. తొమ్మిది కార్డులు ఒక్కొక్కటే చూపించి అలాగే గీయమంటారు. మొదటి దాంట్లో వృత్తం, దాన్ని ఆనుకుని డైమండ్. వీడి డైమండ్ కోడిగుడ్డుకి చెవులు మొలిచినట్టుంది, అదీ వృత్తానికి తగలకుండా బెత్తెడు దూరంలో. తర్వాతి కార్డులో చుక్కల వరస ఉంటే సున్నాలు చుట్టుకుంటూ పోయాడు. కాగితం చూసి మా అమ్మ "నాలుగు రోజులు నా దగ్గర ముగ్గుచుక్కలు పెట్టమను" అనింది. పిల్లోడి నాయన మాత్రం మార్కులు బాగానే వచ్చాయని మురిసిపోయాడు, తీరా చూస్తే కొప్పిట్జ్ అనే సైకాలజిస్టు 1963లో పెట్టిన పద్ధతిలో లెక్కేసేది తప్పులనంట, అంకె పెరిగేకొద్దీ నష్టమే.

ఐక్యూకి మాలిన్ పరీక్ష చేశారు. వెక్స్‌లర్ అనే అమెరికా సైకాలజిస్టు పిల్లల కోసం తెచ్చిన ఐక్యూ పరీక్షని మన దేశానికి మార్చిందే ఇది, 6 నుంచి 15 ఏళ్ల వాళ్లకి. మాటల భాగానికి, చేతల భాగానికి వేర్వేరు స్కోర్లు ఇస్తారు. మాటల్లో వీడు దిట్ట. గబగబా గుర్తులు రాసే కోడింగ్‌లో చతికిలపడ్డాడు. కానీ రంగు దిమ్మెలిచ్చి కార్డులో ఉన్న డిజైన్ పేర్చమంటే టకటకా పేర్చేశాడు, అంటే కన్ను ఆకారాన్ని సరిగ్గానే పట్టుకుంటోంది, తంటా అంతా పెన్సిల్ పట్టిన చేతి దగ్గరే. బొమ్మల కాగితం ఒక్కటే చూసుంటే ఈ సంగతి బయటపడేదే కాదు.

చిన్న వయసులో తెలివికీ కన్ను-చెయ్యి పొందికకీ సంబంధం లేదని కాదు, ఒక మోస్తరుగా ఉంది, రెండూ వయసుతో పాటు ముదిరేవే కదా. అంతమాత్రాన డైమండ్ వంకర పోయిందని పిలకాయ తెలివి తేల్చేస్తే ఎట్లా? చూపు తక్కువైనా, తొందరపడినా, పెన్సిల్ పట్టు కుదరకపోయినా గీత వంకరే పోతుంది.

ఒకదానికే డబ్బులున్నాయంటే నేనైతే ఐక్యూ పరీక్షకే పెడతాను. రాత దగ్గర ఇబ్బంది ఉన్న పిల్లోడికి ఆ తర్వాత గీయించేది కూడా చేయించొచ్చు, అప్పుడు బెండర్ కంటే బీరీ అనే ఇంకో బొమ్మలు గీయించే పరీక్ష నయం, అందులో చూపుకి వేరుగా, చేతికి వేరుగా అదనపు భాగాలున్నాయి. ఇంకోమాట, ఫీజు కట్టకముందే ప్రశ్నలు తెలుగులో అడుగుతారా అని కనుక్కోండి, ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లోడిని ఇంగ్లీషులో అడిగితే మాటల భాగం అక్కడే సగం పోతుంది.