పైప్‌లైన్ లోపల శుభ్రం చేసే పిగ్: ఫోమ్ మేలా, ఉక్కు మేలా?

ముడిచమురు పారే ఒక పైప్‌లైన్‌ను తీసుకుందాం. లోపలి వ్యాసం 300 మిల్లీమీటర్లు, పొడవు 10 కిలోమీటర్లు. గోడ చుట్టూ 2 మిల్లీమీటర్ల మందాన మైనం పట్టింది. చూడటానికి అది పలుచని పొరే. ఆ పొరనంతా ఒక్క విడతలో గీకి, ఏమీ వెనక్కి జారనివ్వకుండా ముందుకు తోసే పిగ్ అనే పరికరాన్ని లోపలికి పంపామనుకోండి. చివరికి దాని ముందు పోగుపడే మైనం దాదాపు 19 ఘనపు మీటర్లు. పైపు నిండా కుదించి పేరిస్తే అది సుమారు 265 మీటర్ల పొడవైన బిరడా. అంత బిరడాను నెట్టుకుంటూ పిగ్ చివరిదాకా రావడం కల్ల. దారిలోనే ఎక్కడో ఆగిపోతుంది. ఎంత శ్రద్ధగా గీకితే పైపు అంత గట్టిగా మూసుకుపోతుందన్నమాట.

అందుకే పిగ్‌లను పోల్చేటప్పుడు "ఏది బాగా గీకుతుంది?" అనే ప్రశ్నను నేను మొదట అడగను. ముందు రెండు విషయాలు తేలాలి. లోపలికి వెళ్లినది బయటికి వస్తుందా? అది ఊడ్చిన మడ్డి ఎటు పోతుంది? గీకే సంగతి ఆ తర్వాతే. ఈ వరుస తలకిందులైతే ఎంత ఖరీదైన బ్రష్ అయినా పైపులో ఇరుక్కున్న ఇనుప ముద్దగా మిగులుతుంది.

తెలియనివారి కోసం రెండు మాటలు. పిగ్‌కు సాధారణంగా ఇంజను ఉండదు. పైపులో పారే ద్రవమో వాయువో వెనక నుంచి నెడితే అది కదులుతుంది. పైప్‌లైన్ మొదట్లో లాంచర్ అనే వెడల్పాటి గొట్టంలో దాన్ని పెట్టి, తలుపు బిగించి, వాల్వులు తిప్పి ప్రవాహంలోకి పంపుతారు. చివర ఉండే రిసీవర్‌లో బయటికి తీస్తారు. ముందుకు, వెనకకు మధ్య ఉండే పీడనాల తేడాయే దాని బలం. మన 300 మిల్లీమీటర్ల పైపులో ఆ తేడా 1 బార్ ఉంటే పిగ్ మీద పడే తోపు దాదాపు 700 కిలోల బరువుతో సమానం. అదే 100 మిల్లీమీటర్ల పైపులో అయితే 80 కిలోలే. తోపు వ్యాసపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది, గోడతో ఒరిపిడి మాత్రం చుట్టుకొలతను బట్టి పెరుగుతుంది. పైపు మూడింతలు సన్నబడితే తోపు తొమ్మిదో వంతుకు పడిపోతుంది, ఒరిపిడి మూడో వంతుకే తగ్గుతుంది. పెద్ద పైపులో చక్కగా నడిచిన నమూనాను కొలతలు తగ్గించి చిన్న పైపులో పెడితే కదలకుండా మొరాయించడానికి కారణం ఇదే.

ఇక పోలిక. ఫోమ్ పిగ్ అంటే తుపాకి గుండు ఆకారంలో ఉండే పాలీయురేథేన్ నురగ ముద్ద. సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 30 కిలోల నుంచి 130 కిలోల వరకు దొరుకుతుంది. పైపు వ్యాసం కన్నా కాస్త లావుగా, వ్యాసానికి ఒకటిన్నర నుంచి రెండింతల పొడవుతో తయారుచేస్తారు. వెనక భాగానికి పాలీయురేథేన్ పూత ఉంటుంది, పీడనం పట్టుకునేది ఆ పూతే. కావాలంటే ఒంటి చుట్టూ అడ్డదిడ్డంగా పట్టీలు పోస్తారు, వాటిలో తీగ బ్రష్‌లు కూడా పొదుగుతారు. మాండ్రెల్ పిగ్ దీనికి పూర్తిగా భిన్నం. మధ్యలో ఉక్కు గొట్టం, దాని మీద బోల్టులతో బిగించిన కప్పులు, డిస్కులు, బ్రష్‌లు, పలకలు. ఏది అరిగితే దాన్ని మార్చుకోవచ్చు, పనిని బట్టి అమరిక తిరగరాసుకోవచ్చు. ఈ రెంటికీ నడుమ అచ్చంగా పాలీయురేథేన్‌తో ఒకే ముక్కగా పోత పోసిన పిగ్ ఉంది. ఊడిపోయే బోల్టు లేదు, వంపుల్లో కొంత వంగుతుంది. చిన్న, మధ్యతరహా పైపులకు అది మంచి ఎంపికే. అరిగితే మొత్తంగా పారేయాలి, అంతకుమించి దాని గురించి చెప్పాల్సింది తక్కువ.

బయటికి వచ్చే విషయంలో ఫోమ్‌దే పైచేయి, అందులో నాకు సందేహం లేదు. ఇరుకు వస్తే నలుగుతుంది, దాటాక మళ్లీ ఉబ్బుతుంది. పైపు సొట్టపడినా, వాల్వు పూర్తిగా తెరుచుకోకపోయినా చాలావరకు గట్టెక్కుతుంది. నిజంగానే ఇరుక్కుంటే పీడనం పెంచితే ముక్కలై కొట్టుకువస్తుంది. ముక్కలు ఫిల్టర్లలో పడతాయి, అదొక తలనొప్పి. అయినా పైపు కోసి తీయాల్సిన ఉక్కు కన్నా అది వెయ్యి రెట్లు నయం. దీని బలహీనత కూడా ఆ మెత్తదనంలోనే ఉంది. ఒంటి చుట్టూ పూత లేని ఫోమ్ దూరం పోయేకొద్దీ అరిగి సన్నబడుతుంది. గోడకూ ఒంటికీ మధ్య సందు ఏర్పడితే ద్రవం పక్క నుంచి దాటిపోతుంది, పిగ్ తేలుతూ వస్తుందే తప్ప పని చేయదు. గట్టిపడిన తుప్పు పొలుసుల మీద నుంచి అది జారిపోతుంది.

మాండ్రెల్ పిగ్ రూపకల్పనలో అసలు కష్టం బ్రష్ దగ్గర ఉండదు, పొడవు దగ్గర ఉంటుంది. ప్రధాన పైపు నుంచి అంతే లావు శాఖ చీలే టీ జంక్షన్ వచ్చిందనుకోండి. ముందరి సీలుకూ వెనకటి సీలుకూ మధ్య దూరం ఆ తెరపి కన్నా తక్కువైతే రెండు సీళ్లూ ఒకేసారి తెరపిలో పడతాయి. ద్రవం చుట్టూ తిరిగి వెళ్లిపోతుంది, పిగ్ అక్కడే చతికిలపడుతుంది. కాబట్టి పొడవు పెంచాలి. కానీ గట్టి ఉక్కు ఒళ్లు పొడవైతే వంపులో అడ్డం పడుతుంది. వంపు వ్యాసార్ధం పైపు వ్యాసానికి ఐదింతలు ఉంటే హాయిగా పోతుంది, మూడింతలు ఉన్నా సర్దుకోవచ్చు, ఒకటిన్నర రెట్లు మాత్రమే ఉంటే ఆ వంపు కోసమే పిగ్‌ను ప్రత్యేకంగా రూపొందించాలి. టీ పొడవుగా ఉండమంటుంది, వంపు పొట్టిగా ఉండమంటుంది. ఈ రెంటి మధ్య దొరికే కాస్త జాగాలోనే మిగతా అమరికంతా కుదరాలి. ఫోమ్‌కు ఈ పేచీ లేదు, ఒళ్లంతా సీలే, ఒళ్లంతా వంగుతుంది.

ఉక్కు పిగ్ ఎంచుకున్నాక వచ్చే రెండో ప్రశ్న కప్పా, డిస్కా అన్నది. దీని మీద అభిప్రాయాలు గట్టిగా ఉంటాయి, నావి కూడా. కప్పు గిన్నె ఆకారంలో ఉంటుంది. వెనక నుంచి వచ్చే పీడనం దాని పెదవిని గోడకు ఒత్తుతుంది. అందువల్ల కొంత అరిగినా, పైపు గుండ్రంగా లేకపోయినా సీలు నిలుస్తుంది. వందల కిలోమీటర్ల ప్రయాణానికి కప్పు నమ్మకమైనది. డిస్కు బల్లపరుపు పలక, పైపు లోపలి వ్యాసం కన్నా కొద్ది శాతం పెద్దది. మన పైపుకు 3 శాతం అనుకుంటే 309 మిల్లీమీటర్లు. దూరేటప్పుడు దాని అంచు వెనక్కి మడుచుకుంటుంది, ఆ అంచే గోడను గీకుతుంది. కప్పు ఒరుసుకుంటూ జారుతుంది, డిస్కు చెక్కుతుంది. డిస్కు అంచు అరిగిపోయిందంటే సీలు త్వరగా పోతుంది, ఆ మాట నిజమే.

అయినా కొత్త పైప్‌లైన్‌కు నేను డిస్కులనే కోరుకుంటాను. కారణం ఒక్కటే, డిస్కుల పిగ్ రెండు దిక్కులా నడుస్తుంది. ముందుకు పోలేక ఆగితే ప్రవాహాన్ని తిప్పి వెనక్కి రప్పించవచ్చు. కప్పుల పిగ్‌ను వెనక నుంచి నెట్టడం తప్ప వేరే దారి లేదు. వెనక్కి వచ్చే వీలు ఎంత విలువైనదో పిగ్ ఆగిపోయిన రాత్రి పంపు పక్కన నిలబడి మీటరు చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. బరువు మోసే గైడ్ డిస్కులు పైపు వ్యాసం కన్నా ఒకింత తక్కువగా, గట్టి పాలీయురేథేన్‌తో (షోర్ ఎ అనే గట్టిదనపు కొలమానంలో 85 దరిదాపుల్లో) ఉండాలి. సీలు డిస్కులు దానికన్నా మెత్తగా ఉండాలి. రెంటికీ ఒకే గట్టిదనం వాడితే ఏదో ఒక పని చెడుతుంది.

బ్రష్‌ల విషయం త్వరగా తేలుతుంది. తుప్పుకు ఉక్కు తీగ బ్రష్ సరైనది. గోడలో గుంటలు పడి ఉంటే స్ప్రింగుల మీద అమర్చిన సన్నని పెన్సిల్ బ్రష్‌లు కావాలి. మైనానికి మాత్రం బ్రష్ పనికిరాదు. తీగల మధ్య మైనం నిండి నిమిషాల్లో నున్నటి బంతిలా మారుతుంది. అక్కడ పాలీయురేథేన్ పలకలో డిస్కులో కావాలి. పైపు లోపల పూత ఉంటే ఉక్కు తీగ జోలికే పోవద్దు, నైలాన్ చాలు. వెల్డింగ్ కడ్డీల ముక్కలు, ఇనుప రజను ఉన్న కొత్త పైపుకు అయస్కాంతాలు జోడించాలి.

మొదట వేసిన బిరడా లెక్కకు జవాబు బైపాస్ దగ్గర దొరుకుతుంది. ఉక్కు ఒంటి గుండా కొన్ని రంధ్రాలు వదిలితే, వెనకటి ద్రవంలో కొంత భాగం ముందుకు ధారలుగా చిమ్ముతుంది. గీకిన మైనాన్ని అది కుదురుకోనివ్వదు. మన పైపులో ప్రవాహంలో 5 శాతం ఇలా ముందుకు పోతుందనుకుంటే, పది కిలోమీటర్లు దాటేసరికి పిగ్ ముందు అదనంగా చేరిన చమురు 37 ఘనపు మీటర్లు. 19 ఘనపు మీటర్ల మైనం అందులో కలిస్తే 265 మీటర్ల రాతిముద్దకు బదులు దాదాపు 800 మీటర్ల జావ తయారవుతుంది. జావను పంపు నెట్టగలదు. పిగ్ గీకే తీరు మారలేదు, గీకినదాని గతి మారింది. నా దృష్టిలో పిగ్ డ్రాయింగు మొత్తంలో అతి ముఖ్యమైన కొలత ఆ రంధ్రాల వైశాల్యమే. బ్రష్‌కు ఇచ్చే శ్రద్ధలో సగం కూడా దానికి దక్కకపోవడం నన్ను బాధపెడుతుంది.

రంధ్రాలు ఎక్కువైతే మరో ప్రమాదం. పిగ్ ఏదైనా అడ్డు తగిలి ఆగితే పీడనమంతా రంధ్రాల్లోంచి జారిపోతుంది, తిరిగి కదిలే బలం చాలదు. అందుకే రంధ్రాలను బిరడాలతో అమర్చుకుని, పరుగు పరుగుకూ ఎన్ని తెరవాలో నిర్ణయించుకోవడం మంచిది. వాయువు పైపుల్లో బైపాస్‌కు ఇంకో ఉపయోగం ఉంది. వాయువు ఒత్తిడికి కుదించుకుంటుంది కాబట్టి పిగ్ ఒకచోట ఆగి, వెనక పీడనం పెరిగి, ఒక్కసారిగా దూసుకుపోతుంటుంది. బైపాస్ ఆ వేగాన్ని కొంత అదుపులో పెడుతుంది. ఫోమ్‌లో ఇంత కచ్చితమైన అదుపు లేదు. పోలికలో నేను ఉక్కు వైపు మొగ్గేది ఇక్కడే.

మిగతా దారులు కొన్ని ఉన్నాయి. నీళ్లు నింపిన పాలీయురేథేన్ గోళాలు వాయువు పైపుల్లో చేరిన ద్రవాన్ని ఊడ్చడానికి మంచివి, గీకే పనికి కాదు. తాగునీటి పైపులకు బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న మంచు పిగ్ నాకు ఎంతో ఇష్టమైన ఆలోచన. ఉప్పు కలిపిన మంచు జావను పైపులోకి పంపితే అది ముద్దగా కదులుతూ పూడికను తోసుకొస్తుంది, వంపుల్లో ద్రవంలా ప్రవర్తిస్తుంది. ఆగిపోతే కరిగిపోతుంది. బయటికి వస్తుందా అన్న ప్రశ్నకు ఇంతకన్నా చక్కని జవాబు మరే పిగ్ ఇవ్వలేదు. గట్టి తుప్పును మాత్రం అది కదిలించలేదు.

అయితే మన మైనం పైపుకు ఏది మేలు? ఏళ్ల తరబడి పిగ్ చూడని పైపు అయితే మొదట పూత లేని తేలిక ఫోమ్. అది ఏ రూపంలో బయటపడిందో చూడాలి. చిరిగి వస్తే లోపల ఎక్కడో పదునైనది ఉంది. తర్వాత పూత పోసిన మధ్యరకం ఫోమ్. ఆపై వ్యాసంలో 95 శాతం ఉన్న అల్యూమినియం పలకను బిగించిన పిగ్. పలక వంగకుండా వస్తే దారి తెరిచే ఉంది. అప్పుడే రెండు దిక్కుల డిస్కుల పిగ్, రంధ్రాలు చాలావరకు తెరిచి. క్రమంగా శుభ్రమవుతున్న పైపుకు ఆ డిస్కుల పిగ్‌ను తరచూ పంపడమే సరైనది. తరచూ అన్న మాట నొక్కి చెబుతున్నాను. అలాస్కాలోని ప్రుడో బేలో 2006 మార్చిలో 34 అంగుళాల పైపు చిల్లుపడి 2 లక్షల గ్యాలన్లకు పైగా ముడిచమురు టండ్రా నేల మీద పారింది. పైపు లోపలి నుంచి తినేసిన తుప్పే దానికి కారణం. ఆ పైపులో అంతకుముందు పిగ్ నడిచింది 1998లో. అడుగున నిలిచిన మడ్డి కింద సూక్ష్మజీవులు స్థిరపడితే ఇనుమును నిశ్శబ్దంగా కొరుకుతాయి. ఆ పైపులో మెత్తటి ఫోమ్ నెలనెలా నడిచినా, ఏళ్లకొకసారి పంపే గొప్ప బ్రష్ కన్నా మేలే జరిగేది.

రిసీవర్ తెరిచేటప్పుడు లోపల పీడనం సున్నా అని రెండుసార్లు చూసుకోండి. వాయువు పైపు నుంచి వచ్చిన నల్లపొడిలో ఇనుప సల్ఫైడు ఉంటే గాలి తగలగానే దానంతట అదే మండుతుంది, నీళ్లతో తడిపాకే బయటికి తీయాలి. ఆ తర్వాత పిగ్‌ను కడిగేయకుండా ముందు చూడాలి. వచ్చిన మడ్డిని తూచాలి, డిస్కు అంచును చుట్టూ ఎనిమిది చోట్ల కొలవాలి. కింది పక్క మాత్రమే అరిగి ఉంటే ఉక్కు బరువును గైడ్ డిస్కు మోయలేకపోతోందని అర్థం. తర్వాతి పరుగుకు ఇంకొక గైడ్ డిస్కు చేర్చాలి, లేదా ఒంటి బరువు తగ్గించాలి.