ఫోల్డింగ్ ఎలక్ట్రిక్ సైకిల్ కొంటున్నారా? ముందు హ్యాండిల్ లాక్ చూడండి

మొన్న సోమవారం నా ఎడమ చేతి కట్టు విప్పారు. ఆరు వారాలు కట్టులో ఉండి మణికట్టు బిగుసుకుపోయింది, పిడికిలి ఇంకా పూర్తిగా పడటం లేదు. కుడి చేత్తోనే టైపు చేస్తున్నాను. వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లోనో కరీంనగర్ వైపో మడత పెట్టే ఎలక్ట్రిక్ సైకిల్ కొందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే డబ్బు కట్టండి.

మాది కాజీపేట. పోచమ్మమైదాన్ దగ్గర ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను. రానుపోను 22 కిలోమీటర్ల పైనే. ఆడవాళ్లకు ఫ్రీ బస్సు ఉంది కదా అంటారేమో. ఉంది, దాదాపు రెండేళ్లు అందులోనే వెళ్లాను. కానీ ఉదయం 8 గంటలకు నా మొదటి క్లాసు. ఆ టైంలో కాలు పెట్టే చోటు దొరికితే గొప్ప. ఒక్క బస్సు తప్పిపోతే పిల్లలు క్లాసులో ఖాళీగా కూర్చుంటారు. స్కూటీ నాకు రాదు, సైకిల్ మాత్రం చిన్నప్పటి నుంచి తొక్కిన అలవాటే. మేముండేది మొదటి అంతస్తులో అద్దెకు. కింద బండి పెట్టుకునే జాగా లేదు, ఇంటి ముందు పెట్టిన మా బాబు సైకిల్ ఒకసారి పోయింది కూడా. మడత పెట్టి పైకి తెచ్చుకోవచ్చు, ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోవచ్చు అనే ఆశతో ఈ సైకిల్ మీద మనసు పడింది.

దసరా ఆఫర్‌లో హనుమకొండలోని ఒక షాపులో 39,500 రూపాయలకు కొన్నాను. షాపు పేరు, కంపెనీ పేరు ఇక్కడ రాయను. వినియోగదారుల కమిషన్‌కు ఇచ్చే ఫిర్యాదు కాగితాల్లో రాస్తాను. మీకు కావాల్సింది ఆ పేరు కాదు, ఏం చూసుకోవాలో తెలియడం.

షాపులో అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "పదిహేను కిలోలే అక్కా, ఒక్క చేత్తో లేపుతరు. ఒక్కసారి చార్జింగ్ పెడితే అరవై కిలోమీటర్లు పోతది" అన్నాడు. నా కళ్ల ముందే మూడు మడతలు పెట్టి, మళ్లీ విప్పి నిలబెట్టాడు. పది సెకన్లలో అయిపోయింది. అంత సులువుగా ఎందుకు అయిందో నాకు నాలుగు నెలల తర్వాత తెలిసింది.

ఇంటికి తెచ్చిన మొదటి రోజే మెట్ల మీద సగంలో ఆగి ఊపిరి పీల్చుకున్నాను. కింద కిరాణా షాపులో బియ్యం బస్తాలు తూచే కాటా మీద పెట్టి చూస్తే 23 కిలోల 600 గ్రాములు. స్క్రీన్ మీద అప్పటికే 212 కిలోమీటర్లు తిరిగినట్టు చూపిస్తోంది. ఫోన్ చేస్తే "అది కంపెనీ టెస్టింగ్ రీడింగ్ అక్కా, అన్నిటికి గట్లనే ఉంటది" అన్నాడు. నేను నమ్మాను. కొత్త సైకిల్ మీద అన్ని కిలోమీటర్లు ఉండకూడదు. నాకు అంటగట్టింది షోరూంలో అందరికీ మడిచి చూపించే డెమో బండి. వందలసార్లు తెరిచి మూయడంతో దాని లాకులు అరిగిపోయి ఉన్నాయి.

అరవై కిలోమీటర్ల సంగతి కూడా చెబుతాను, ఇది ఒక్క షాపు చెప్పే మాట కాదు కాబట్టి. బ్యాటరీ మీద 36 వోల్టులు, 7.5 ఆంపియర్ అవర్ అని ఉంటుంది. ఆ రెంటినీ గుణిస్తే 270 వాట్ అవర్, అంటే బ్యాటరీలో పట్టే మొత్తం కరెంటు. పెడల్ తొక్కకుండా యాక్సిలరేటర్ మీదే వెళ్తే ఇలాంటి సైకిల్ కిలోమీటరుకు సుమారు 12 నుంచి 15 వాట్ అవర్ తింటుంది. అంటే 18 నుంచి 22 కిలోమీటర్లు, అంతే. మనమూ బాగా తొక్కుతూ మోటారును తక్కువ సాయంలో పెట్టుకుంటే 35 దాకా లాగొచ్చు. 60 రావాలంటే పని చాలావరకు మన కాళ్లే చేయాలి. ఆ గుణకారం షాపులోనే చేసి ఉంటే నా 22 కిలోమీటర్లకు ఈ బ్యాటరీ చాలదని అక్కడే తెలిసేది. మీరు మాత్రం షాపులోనే చేయండి, ఫోన్‌లో అర నిమిషం పని.

బ్యాటరీ సరిపోకపోవడం డబ్బు నష్టం. దాన్ని కాలేజీలో మధ్యాహ్నం చార్జింగ్ పెట్టుకుని సర్దుకున్నాను. అసలు ప్రమాదం హ్యాండిల్ దగ్గర ఉంది.

ఫోల్డింగ్ సైకిల్‌కు ముఖ్యమైన మడతలు రెండు. ఒకటి ఫ్రేము మధ్యలో, రెండోది హ్యాండిల్ రాడ్ అడుగున. మామూలు సైకిల్‌కు ఈ రెండు చోట్లా ఏకంగా ఇనుపగొట్టమే ఉంటుంది. దీనికి అక్కడ ఒక కీలు, దాన్ని బిగించి పట్టే ఒక లివర్, ఆ లివర్ దానంతటదే తెరుచుకోకుండా ఆపే ఒక చిన్న కొక్కెం ఉంటాయి. మన ఒంటి బరువు, గుంతల దెబ్బ, బ్రేకు వేసినప్పటి తోపు అన్నీ ఆ కీళ్ల మీదే పడతాయి. చక్రాలు కూడా 20 అంగుళాలవే కాబట్టి పెద్ద సైకిల్ దాటేసే గుంతలో ఇది దభీమని దిగుతుంది, ఆ దెబ్బ నేరుగా హ్యాండిల్ రాడ్‌కు తగులుతుంది.

జనవరి ఆఖరు నుంచి గుంత వచ్చినప్పుడల్లా హ్యాండిల్ అడుగున 'టిక్' మని శబ్దం రావడం మొదలైంది. షాపుకు తీసుకెళ్లాను. "ఏం కాదక్కా, ఫోల్డింగ్ బండి కదా, గట్లనే సౌండ్ వస్తది" అని ఇంత నూనె కొట్టి పంపించాడు. పానా కూడా చేతిలోకి తీసుకోలేదు. అప్పుడు ఆ లివర్‌ను ఒక్కసారి చూసి ఉంటే నా చేయి విరిగేది కాదు. నాకు బాధ అక్కడే.

ఫిబ్రవరి రెండో వారం, గురువారం, ఉదయం ఏడుంపావు. ఫాతిమానగర్ బ్రిడ్జి దిగి నిట్ వైపు వస్తున్నాను. స్పీడు ఇరవై కూడా ఉండదు. రోడ్డు మీద వేసిన ప్యాచ్ ఒకటి కొంచెం ఎత్తుగా ఉంది, దాని మీద ఎక్కగానే బ్రేకు నొక్కాను. హ్యాండిల్ ఎడమ వైపుకు ఒరిగిపోయింది. రెండు చేతులతో గట్టిగా పట్టుకునే ఉన్నాను, కానీ నా చేతుల్లో ఉన్న హ్యాండిల్‌కూ ముందు చక్రానికీ సంబంధం లేకుండా పోయింది. గుండె జారిపోవడం అంటే ఏమిటో ఆ ఒక్క క్షణంలో తెలిసింది. ఎడమ చేయి కింద పెట్టి పడ్డాను. వెనక వస్తున్న ఆటో అన్న సడన్ బ్రేక్ వేయకపోతే ఏమయ్యేదో ఆలోచించడం కూడా నాకు ఇష్టం లేదు. ఆ అన్నే నన్ను లేపి, సైకిల్‌ను ఆటో వెనక వేసి ఆస్పత్రికి తీసుకెళ్లాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. హెల్మెట్ పెట్టుకున్నాను కాబట్టి తలకు దెబ్బ తగలలేదు. దాని ఎడమ పక్కన అరచేతి పొడవున గీత పడింది. ఇలాంటి సైకిల్‌కు హెల్మెట్ ఎందుకులే అనుకునేవాళ్లకు ఆ గీత చూపించాలని దాన్ని అలాగే ఉంచాను.

షాపువాడు "మీరే లాక్ సరిగా పెట్టలేదు" అని చేతులు దులుపుకున్నాడు. నాకూ అనుమానం వచ్చింది, ఆ రోజు పొద్దున మరిచిపోయానా అని. రెండు రాత్రులు అదే ఆలోచన. మా ఆయన సైకిల్‌ను మా వీధి చివర నలభై ఏళ్లుగా సైకిళ్లు బాగు చేస్తున్న చాచా దగ్గరికి తీసుకెళ్లాడు, చేతి కట్టుతో నేనూ వెంట వెళ్లాను. చాచా లివర్‌ను చూపుడు వేలితో నెట్టాడు. అది తలుపు గడియలా తేలిగ్గా మూసుకుంది. "చూడు బిడ్డా, ఒక్క వేలితోని పడ్డది. ఇది బిగువు కాదు, ఊరికె ఆనుకున్నది" అన్నాడు. తర్వాత ఒక చిట్టీ కాగితం ముక్క కీలు మధ్యలో పెట్టి లివర్ మూసి లాగాడు. కాగితం చినగకుండా జారి వచ్చేసింది. లోపల లివర్‌ను బిగువుగా పట్టే నట్టు అదురుకు మెల్లగా తిరిగి తిరిగి వదులైపోయింది. ఆ 'టిక్' శబ్దం అదే.

నన్ను నిజంగా వణికించింది ఆ తర్వాత చూపించింది. లివర్ కింద చిన్న కొక్కెం ఉందన్నాను కదా, దాన్ని నెట్టి పట్టే స్ప్రింగు అసలు లేనే లేదు. స్ప్రింగు కూర్చునే గుంట ఖాళీ. చాచా సూది మొన పెట్టి గీకితే అందులోంచి నల్లగా గడ్డకట్టిన గ్రీజు, దుమ్ము వచ్చాయి. నిన్నా మొన్నా ఊడిపోతే అంత మురికి పేరుకోదు. నేను కొన్నప్పుడే ఆ స్ప్రింగు లేదు. పైన పటారం, లోన లొటారం అంటే ఇదే. నాలుగు నెలలు రోజూ పోచమ్మమైదాన్ దాకా, ములుగు రోడ్డు మీద లారీల పక్కన, నేను అలాంటి హ్యాండిల్ పట్టుకుని తిరిగాను.

కాబట్టి షాపుకు వెళ్తే రంగు, లైట్లు, స్క్రీన్ తర్వాత చూడండి. ముందు మీ చేత్తో మీరే మడిచి విప్పండి, అబ్బాయి చేసి చూపిస్తే ఒప్పుకోకండి. రెండు లివర్లూ మూసేటప్పుడు చివరి భాగం కష్టంగా, అరచేత్తో గట్టిగా నొక్కితేనే పడాలి. మూసిన వెంటనే కొక్కెం 'టక్' మని పడాలి, ఆ కొక్కెం ఎత్తకుండా లివర్ తెరుచుకోకూడదు. తర్వాత ముందు చక్రం బ్రేకు పట్టుకుని హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. ఊపినప్పుడు కీలు దగ్గర వేలు పెడితే రెండు ముక్కల మధ్య కదలిక తెలియకూడదు. వెల్డింగ్ చుట్టూ వెంట్రుక సన్నపు పగులు ఉందేమో వెలుతురులో చూడండి. సీటు రాడ్ మీద ఒక గీత ఉంటుంది, అది పైకి కనిపించేంతగా రాడ్‌ను ఎప్పుడూ లేపకండి. కొన్నాక కూడా రోజూ బయల్దేరేముందు ఆ రెండు లివర్లను ఒకసారి పట్టి చూడటానికి పది సెకన్లు చాలు. కొత్త శబ్దం వస్తే ఆ రోజే ఆపి చూపించండి.

బిల్లు విషయంలోనూ నేను మోసపోయాను. నాకిచ్చింది ఎస్టిమేట్ చీటీ, దాని మీద 'సైకిల్ 1' అని మాత్రమే ఉంది. ఫ్రేము నంబరు, మోటారు నంబరు, బ్యాటరీ నంబరు మూడూ రాసిన జీఎస్టీ బిల్లు తీసుకోండి. ఈ సైకిల్‌లో చాలా ఖరీదైన భాగం బ్యాటరీయే. దాని నంబరు బిల్లులో లేకపోతే రేపు వారంటీ అడిగినప్పుడు "ఇది మా బ్యాటరీ కాదు" అంటే మీ దగ్గర రుజువు ఉండదు. పుణెలోని ఏఆర్ఏఐ లేదా మానేసర్‌లోని ఐక్యాట్ లాంటి, బండ్లను పరీక్షించే సంస్థ ఆ మోడల్‌కు ఇచ్చిన సర్టిఫికెట్ కాపీ కూడా అడగండి. వెనక చక్రానికి పంక్చరైతే ఎవరు వేస్తారో కూడా అక్కడే అడిగి పెట్టుకోండి. చక్రంలో మోటారు, దాని వైరు ఉండటంతో రెండు చోట్ల నాకు పంక్చర్ వేయం పొమ్మన్నారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. స్పీడు చాలడం లేదంటే "ఒక వైరు పీకితే నలభై పోతది అక్కా" అని అదే అబ్బాయి అన్నాడు. అది మాత్రం నేను చేయించలేదు. మోటారు 250 వాట్ల లోపు, మోటారు సాయంతో స్పీడు గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే ఈ సైకిళ్లకు లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ హద్దు దాటిస్తే చట్టం దృష్టిలో అది మోటారు వాహనం. ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్స్ లేని బండి నడిపినట్టు లెక్క, పరిహారం మన ఇంటి నుంచి కట్టాలి. ఇంట్లో పదో తరగతి పిల్లలు ఉంటే ఈ మాట వాళ్లకూ చెప్పండి.

వచ్చేది ఎండాకాలం. మన దగ్గర మే నెలలో ఎండ ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. ఎండలోంచి రాగానే చార్జింగ్ పెట్టకండి, బ్యాటరీ మామూలు వేడికి వచ్చేదాకా ఆగండి. 36 వోల్టుల లిథియం బ్యాటరీకి ఇచ్చే చార్జర్ మీద ఔట్‌పుట్ సాధారణంగా 42 వోల్టులు అని ఉంటుంది. వేరే బండి చార్జర్ పిన్ను సరిపోయింది కదా అని గుచ్చకండి. రాత్రంతా పెట్టి పడుకోవడం, గుమ్మం దగ్గరో మెట్ల కిందో పెట్టడం వద్దు. మంటలొస్తే బయటికి పోయే దారి అదే.

నా ఫిర్యాదు ఎక్కడిదాకా వచ్చిందంటే, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయించాను. అప్పటిదాకా మొహం చాటేసిన షాపువాళ్లు ఆ తర్వాతే ఫోన్ ఎత్తారు. కొత్త లాక్ వేసిస్తాం అన్నారు, నేను ఒప్పుకోలేదు. డెమో బండిని కొత్తదని అమ్మారు, నా డబ్బు, ఆస్పత్రి ఖర్చు ఇవ్వాలి అన్నాను. వాళ్లు కాదంటున్నారు, అందుకే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపైతే ఫీజు లేదు, వకీలు తప్పనిసరి కాదు, రెండేళ్ల లోపు వేయొచ్చు, మనం ఉండే చోటే వేయొచ్చు. ఎస్టిమేట్ చీటీ, ఫోన్‌పేలో కట్టిన వివరం, 212 కిలోమీటర్లు చూపిస్తున్న మొదటి రోజు ఫోటో, చాచా గ్రీజు గీకినప్పుడు తీసిన వీడియో జత చేస్తున్నాను. ఆ మొదటి రోజు ఫోటో సంతోషంతో మా అక్కకు పంపడానికి తీసింది. ఇప్పుడు అదే నాకు పెద్ద ఆధారం.

గత దసరాకు హనుమకొండ, వరంగల్‌లలో ఇలాంటి సైకిల్ కొన్నవాళ్లు రేపు ఉదయం బయల్దేరేముందు హ్యాండిల్ లివర్ కింద వేలు పెట్టి ఆ కొక్కెం నెట్టి చూడండి. వదిలేస్తే అది దానంతటదే వెనక్కి రావాలి. రాకపోతే ఎక్కకండి, నడిపించుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.