శ్రావణం చీరలకు ముసురు రోజున ఎటు: జనరల్ బజారా, చార్మినారా, పంజాగుట్ట మాలా?

హైదరాబాద్‌లో వరలక్ష్మీ వ్రతం కొనుగోళ్లూ వానలూ ఒకేసారి వస్తాయి. ఇంటిల్లిపాదీ వెళ్లి, చీరలు, గాజులు కొని, మధ్యాహ్నం బయటే తిని రావాలంటే ముందు తిరుగు ప్రయాణం చూసుకోవాలి. పోయేటప్పుడు చేతులు ఖాళీగా ఉంటాయి. వచ్చేటప్పుడే నాలుగు సంచులు, నిద్రకొచ్చిన పిల్లలు, దొరకని ఆటో.

కుండపోత అయితే పంజాగుట్టే మేలు. మెట్రో స్టేషన్ నుంచి నేరుగా మాల్‌లోకి నడిచిపోవచ్చు, గొడుగు తెరవాల్సిన పని లేదు. పిల్లల బట్టలకు, మగవాళ్ల చొక్కాలకు ఇది చాలు. పట్టుచీరల్లో మాత్రం రకాలు తక్కువ, బేరం ఉండదు. ఫుడ్ కోర్టులో వాన రోజు ఒంటిగంటకు బల్ల దొరకదు కాబట్టి 12 గంటలకే కూర్చోవాలి. తడిసి వచ్చిన పిల్లలకు ఏసీ గాలి తగిలితే వణుకు పుడుతుంది. ఒక జత పొడి బట్టలు వెంట ఉంచండి.

సన్నగా ముసురు పట్టి ఉంటే మా ఓటు సికింద్రాబాద్ జనరల్ బజార్‌కే. చీర, దానికి మ్యాచింగ్ జాకెట్టు గుడ్డ, ఫాల్, లైనింగ్ అన్నీ నాలుగు సందుల్లో దొరికేస్తాయి. మాల్‌లో చీర కొన్నా జాకెట్టు గుడ్డ కోసం మళ్లీ ఇక్కడికే రావాలి. ప్యారడైజ్ మెట్రోలో దిగి ఆటోలో వెళ్లండి. సందుల్లోకి కారు పనికిరాదు. కొట్ల మధ్య కట్టిన టార్పాలిన్ల అంచుల నుంచి ధార కారుతుంది, సంచి భుజానికి తగిలించుకుంటే నేరుగా చీర మీదే పడుతుంది. ఆషాఢంలో లష్కర్ బోనాల రోజున మాత్రం అటు వద్దు. ఉజ్జయినీ మహంకాళి గుడి పక్కనే ఉంది, దారులు మూసేస్తారు. భోజనం ప్యారడైజ్ కూడలిలోనే కానిస్తే బిర్యానీ, మెట్రో రెండూ పక్కపక్కనే. ముగ్గురు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలైతే మొదట రెండు బిర్యానీలు చెప్పి చూడండి, చాలకపోతే మూడోది.

చార్మినార్ తెరిపిచ్చిన రోజుకు దాచుకోవాలి. లాడ్ బజార్ లక్క గాజులకు సాటి లేదు, 2024లో వాటికి జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. సైజు ఇంటి దగ్గరే పాత గాజుతో చూసుకుని వెళ్లండి. 2-4 అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాల మీద పదహారింట నాలుగు వంతులు, అంటే రెండుంపావు అంగుళాలు. 2-6, 2-8 కూడా అదే లెక్క. లక్క గాజు సాగదు, బలవంతంగా ఎక్కిస్తే రాళ్లు రాలతాయి. భోజనానికి మదీనా వైపు షాదాబ్ ఉంది. ఇబ్బందల్లా మూసీతోనే. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జంట జలాశయాల నుంచి ఎక్కువ నీరు వదిలితే చాదర్‌ఘాట్ లాంటి పల్లపు దారులు మూసేస్తారు, ఆ రద్దీ అంతా మిగిలిన వంతెనల మీదికి వస్తుంది. 2025 సెప్టెంబరులో మహాత్మా గాంధీ బస్టాండు (ఎంజీబీఎస్)లోకే నీళ్లొచ్చాయి. చార్మినార్‌కు అక్కడి మెట్రో స్టేషన్‌నే నమ్ముకుని బయల్దేరేవాళ్లు పొద్దున వార్తలు చూడాలి.

ఎక్కడ కొన్నా చీర రంగు ట్యూబ్‌లైటు కింద తేల్చొద్దు. మబ్బు రోజైనా సరే, గడప దాకా తెచ్చి పగటి వెలుగులో చూడండి. నెమలికంఠం, ముదురాకుపచ్చ లోపల ఒకలా, బయట ఒకలా కనిపిస్తాయి. అసలు పట్టు అని కొట్టువాడు చెబితే, దానికి రుజువుగా సిల్క్ మార్క్ చీటీ అడగండి.

పట్టు మీద చినుకు పడితే రుద్దకూడదు. కొత్త చీరలోని గంజి ఆ నీటిలో కరిగి, ఆరేకొద్దీ అంచుకు చేరి గుండ్రటి మరకగా మిగులుతుంది. పొడి నూలు గుడ్డతో అద్ది, ఇంటికి రాగానే మడతలు విప్పి నీడన ఆరేయాలి. చెమ్మతో ప్లాస్టిక్ కవర్‌లోనే వదిలేస్తే జరీ నల్లబడుతుంది. కొట్టువాడి కాగితపు సంచిని పొడిగా ఉన్నప్పుడే మందపాటి కవర్‌లో పెట్టి, మూతి కిందికి మడిచి పట్టుకోండి. భోజనం కూడా చీరలు కొనక ముందే కానిస్తే సంచులు హోటల్ తడినేల మీద పెట్టే అవసరం రాదు.