నెలనెలా పెరిగే లిస్టుకి ప్రింట్ ఏరియా: ఏది మేలు?

రాణిగంజ్‌లో ఒక పంపుల షాపులో అకౌంట్స్ చూస్తాను. షాపుకి సీసీ లిమిట్, అంటే స్టాకు, బాకీల మీద బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు, ఉంది కాబట్టి ప్రతి నెలా స్టాక్ స్టేట్‌మెంట్, బాకీదారుల లిస్టు ప్రింట్ తీసి, సేఠ్ సంతకం పెట్టించి బ్యాంకుకి ఇవ్వాలి. ట్యాలీ నుంచి ఎక్సెల్‌లోకి తెచ్చుకుని మా ఫార్మాట్‌లో సర్దుతాను. దీనికి ప్రింట్ ఏరియా, అంటే షీట్‌లో ఎంత భాగం కాగితం మీదికి రావాలో ఎక్సెల్‌కి చెప్పే హద్దు, మూడు రకాలుగా పెట్టి చూశాను, మూడింటికీ చాలా తేడా ఉంది.

మొదటిది అందరూ చేసేదే. కావలసినంత మేర సెలెక్ట్ చేసి, పేజ్ లేఅవుట్‌లోకి వెళ్లి సెట్ ప్రింట్ ఏరియా నొక్కడం. ఫైల్‌తో పాటు అదీ సేవ్ అవుతుంది, పక్కన వేసుకున్న చిల్లర లెక్కలు కాగితం మీదికి రావు. కొటేషన్, శాలరీ స్లిప్ లాంటి సైజు మారని వాటికి ఇదే బాగుంటుంది. పెరిగే లిస్టుకి మాత్రం వద్దు. మధ్యలో వరుస ఇన్సర్ట్ చేస్తే ఏరియా తనే పెరుగుతుంది కానీ, చివరి వరుస కింద కొత్త పేరు టైప్ చేస్తే పెరగదు, పెరగలేదని చెప్పదు కూడా. మా షీట్‌లో ఏ1 నుంచి హెచ్62 వరకు పెట్టి ఉంది, ఒక నెల కొత్తగా ఐదు పార్టీలు 63 నుంచి 67 వరకు చేరాయి, టోటల్ పైన ఉండటంతో అది అన్నిటినీ కలిపి సరిగ్గానే చూపించింది, ప్రింట్ మాత్రం 62 దగ్గర ఆగిపోయింది. బ్యాంకులో మేడమ్ కాలిక్యులేటర్‌తో కూడితే లెక్క కలవలేదు. బాకీలు ఎక్కువ చేసి చూపించామేమో అన్నట్టు అడిగేసరికి సేఠ్ ముఖం చూడలేకపోయాను, సరిచేసిన కాపీ ఇచ్చేదాకా టెన్షనే.

ఆ తర్వాత ఫార్ములా పట్టుకున్నాను. ప్రింట్ ఏరియా అంటే ఎక్సెల్ లోపల ఒక పేరే, కంట్రోల్ ఎఫ్3 నొక్కితే నేమ్ మేనేజర్‌లో కనిపిస్తుంది. అక్కడ ఆఫ్‌సెట్, కౌంట్‌ఏ అనే రెండు ఫంక్షన్లు కలిపి ఫార్ములా రాస్తే నిండిన గళ్లు లెక్కపెట్టుకుని ఏరియా తనంతట తనే సాగుతుంది. కానీ మధ్యలో ఒక్క గడి ఖాళీగా ఉన్నా లెక్క ఒకటి తగ్గి చివరి వరుస ఎగిరిపోతుంది. పైగా పేజ్ సెటప్‌లో మార్జినో కాగితం సైజో మార్చి ఓకే కొడితే ఫార్ములా పోయి, ఆ క్షణానికి ఉన్న అడ్రస్ మిగిలిపోవచ్చు, అంటే మళ్లీ మొదటి పద్ధతిలోనే ఉంటాం. షీట్ నలుగురి చేతుల్లో తిరిగే చోట ఇది పెట్టకండి.

నేను నమ్మేది మూడోది: వరుసల జోలికి పోకుండా ఏ నుంచి హెచ్ దాకా పూర్తి కాలమ్‌లనే సెలెక్ట్ చేసి ప్రింట్ ఏరియాగా పెట్టడం. డేటా ఎంతవరకు ఉంటే అంతవరకే ప్రింట్ అవుతుంది. దాంతో పాటు విడ్త్ ఒక పేజీ, హైట్ ఆటోమేటిక్ అని పెట్టాలి. హైట్ కూడా ఒకటి చేస్తే అక్షరాలు చీమతలకాయల్లా అయిపోతాయి. రెండో పేజీ మీద కూడా హెడ్డింగులు రావాలంటే ప్రింట్ టైటిల్స్‌లో పై వరుస ఇవ్వాలి. దీన్ని పేజ్ లేఅవుట్ నుంచే తెరవండి, ప్రింట్ ప్రివ్యూలోంచి పేజ్ సెటప్‌కి వెళితే ఆ గడి పనిచేయదు.

దీనికీ ఒక లోపం ఉంది. ముందుజాగ్రత్తగా వెయ్యో వరుస దాకా బోర్డర్లు గీసినా, ఫార్ములాలు లాగి ఉంచినా ఖాళీ పేజీలు వస్తాయి. వచ్చినా నాకు ఇదే నయం. ఖాళీ కాగితం ప్రింటర్ దగ్గరే కంటపడుతుంది, రాని వరుస బ్యాంకుకి వెళ్లాక గానీ బయటపడదు.

ఇప్పుడు కొటేషన్ షీట్లకి మొదటి పద్ధతి, బాకీదారుల లిస్టుకి మూడోది వాడుతున్నాను. ప్రింట్ కొట్టేముందు ప్రివ్యూలో చివరి పేజీకి వెళ్లి, అక్కడున్న చివరి పార్టీ పేరు, షీట్‌లో చివరి పేరు ఒకటేనా అని చూస్తాను. పోయిన నెల రెండు పేజీలు వచ్చాయి, 71వ వరుస రెండో పేజీలో ఉంది.